రెయిన్‌కోటు కింది బోర్డు

శనివారం పొద్దున్న ఏడూ నలభై రైలెక్కి, మధ్యాహ్నానికల్లా ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ చేరుకుని, అక్కడి పెద్ద చర్చి ముందు నిలబడి ఫొటో దిగి, దాన్ని బ్రాగాలో ఉన్న అమ్మమ్మకి పంపాలన్నది బెనెదీత పథకం. పోర్చుగల్ నుంచి జర్మనీకి చదువుకోవడానికి వచ్చి ఆరు వారాలైంది. ఈ ఆరు వారాల్లో ఆమె చూసిన యూరప్ మొత్తం ట్యూబింగెన్‌లో తన అటక గదికీ, లైబ్రరీకీ మధ్యనున్న ఎత్తురోడ్డు ఒక్కటే. భూగర్భ శాస్త్రం చదివే పిల్ల కనక ఆ రోడ్డు కింద ఏ రాయి ఉందో కూడా చెప్పగలదు. ఇక ఆ రాయి మీద మోజు తీరిపోయింది.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి మాత్రం తిరిగి వచ్చి తీరాలి. ఇంటావిడ హేగెలె గారు కాఫీకి పిలిచారు. ఆ కాఫీ పేరుకే కాఫీ. గది ఇచ్చేటప్పుడే ఆవిడ, "క్రిస్మస్ దాకా ఉండు, నీ తీరు చూసి, ఆ పైన ఉంటావో లేదో చెబుతాను" అన్నారు. చెప్పే రోజు ఆ ఆదివారమే. ఆ ఊళ్ళో విద్యార్థికి గది దొరకడం గగనం. ఈ గది దొరికేదాకా బెనెదీత వ్యాయామశాలలో, మరో ముప్పైమందితో కలిసి మడత మంచం మీద తొమ్మిది రోజులు పడుకుంది. పక్క మంచం పిల్ల నిద్రలో లెక్కలు చెప్పేది. మళ్ళీ అక్కడికి వెళ్ళడం తన వల్ల కాదు.

అందుకే ఈ గదిలోకి వచ్చినప్పటి నుంచీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉంది. సీసాలు రంగులవారీగా పారేసింది. రాత్రి పది దాటాక స్నానం చెయ్యలేదు. ఆదివారం నాడు చప్పుడు చెయ్యకూడదు కనక దగ్గు వస్తే దిండులో మొహం పెట్టుకుని దగ్గింది. వారమంతా ముసురు పట్టినా తడిసిన రెయిన్‌కోటుని గదిలోకి తెచ్చి చెక్కనేల పాడుచెయ్యకుండా తలుపు బయటి పిడికే తగిలించింది. ఆ శనివారం పొద్దున్న ఆరూ యాభైకి సంచి భుజానేసుకుని, ఆ కోటు తీసింది. కింద బోర్డు వేలాడుతోంది.

అరచేయంత చెక్క బోర్డు. అంచున ద్రాక్షగుత్తులు చెక్కి, నడుమ 'ఊడ్చే వారం' అని రాసి ఉంటుంది. ఆ దేశంలో ఆ ప్రాంతంవాళ్ళకి అది వేదం. ఎవరి తలుపుకి బోర్డుంటే ఆ వారం మెట్లు, వాకిలి, ఇంటి ముందున్న కాలిబాట వాళ్ళే ఊడవాలి. శనివారం సాయంత్రంలోగా ముగించి పై తలుపుకి తగిలించాలి. ఆఖరి తలుపు అటకది, అక్కణ్ణించి మళ్ళీ కిందికి. తాళంచెవులు ఇచ్చిన రోజు హేగెలె గారు అద్దె గురించి ఒక్క మాట, బోర్డు గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. రెండో అంతస్తు రోష్ గారమ్మ కిందటి శనివారమే తన వారం ముగించి బోర్డు తెచ్చి తగిలించింది. దాని మీద బెనెదీత రోజూ తడి కోటు తగిలిస్తూ వచ్చింది.

ఇప్పుడు చీపురు పడితే రైలు పోతుంది, రేపు వచ్చి ఊడిస్తే గది పోతుంది. అప్పుడే బ్రాగాలోని పక్కింటి అల్బెర్తీనా అత్త గుర్తొచ్చింది. అమ్మమ్మకి ఊరెళ్ళే పని పడితే అత్త గుమ్మంలో ఆపిల్ లాంటి క్విన్స్ పండ్లతో చేసిన హల్వా ముద్ద ఒకటి పెట్టి వెళ్ళేది. అత్త ఏమీ అడగకుండా కోళ్ళకి గింజలేసేది, మొక్కలకి నీళ్ళు పోసేది. మనుషులన్నాక అలాగే సర్దుకుంటారు కదా అనుకుంది బెనెదీత. అమ్మమ్మ పంపిన హల్వాలో మిగిలిన ముద్దని తెల్ల కాగితంలో చుట్టి, రోష్ గారమ్మ వారం ఇప్పుడే అయింది కనక, బోర్డుతో పాటు మొదటి అంతస్తులో ఫ్లైడరర్ గారి తలుపుకి తగిలించి, తేలిక మనసుతో రైలు స్టేషనుకి పరిగెత్తింది.

స్టేషనులో బొగ్నా రెండు కాఫీలతో ఎదురుచూస్తోంది. పోలండ్ పిల్ల, ఇక్కడికొచ్చి రెండేళ్ళు దాటింది. బెనెదీత తన తెలివితేటలన్నీ వర్ణిస్తుంటే మొదట నవ్వింది, తరవాత కాఫీ పక్కన పెట్టేసింది.

"చీటీ రాసి పెట్టావా?"

"హల్వా పెట్టానంటున్నాగా."

"ఒసే పిచ్చి మొహమా, ఇక్కడ మొగుడూ పెళ్ళాం విడిపోతే పట్టించుకోరే. బోర్డు వెనక్కి నడిస్తే మాత్రం మూడు తరాలు చెప్పుకుంటారు. పో, తీసుకొచ్చెయ్. రెండు గంటల్లో ఇంకో రైలుంది. నేను ముందెళ్ళి ఆ చర్చి దగ్గర కూర్చుంటా."

ఎత్తురోడ్డెక్కి, రొప్పుతూ, వీధి మలుపు తిరిగేసరికి ఎనిమిది దాటింది. బెనెదీత అక్కడే ఆగిపోయింది. ఫ్లైడరర్ గారు కాలిబాట ఊడుస్తున్నారు. తపాలా ఆఫీసులో పదవీ విరమణ సన్మానం నాటి గోధుమరంగు కోటు, మెడలో ఎర్ర టై. ఆయన వెనక రోష్ గారమ్మ సబ్బునీళ్ళ బకెట్‌తో వాకిలి మెట్లు కడుగుతోంది. ఆవిడ భర్త మోకాళ్ళ మీద కూర్చుని, వంటింటి కత్తితో రాళ్ళ మధ్య నాచు గీకుతున్నాడు. ఎదురింటివాళ్ళు ఇద్దరు చీపుర్లు పట్టుకుని బయటికొచ్చారు. వాళ్ళని చూసి ఆ పక్కింటివాళ్ళు. వీధి చివర ఎవరో నిచ్చెన వేసుకుని దీపస్తంభం తుడుస్తున్నారు.

జరిగింది ఇది. ఈ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా బోర్డు ఎప్పుడూ వెనక్కి నడవలేదు. తలుపు తెరిచి దాన్ని చూడగానే ఫ్లైడరర్ గారికి ముందు ఒళ్ళు మండింది. రెండు వారాల కిందట తను ఊడ్చింది బాగాలేదని ఎవరో చెప్పకనే చెబుతున్నారనుకున్నారు. తరవాత కాగితం విప్పారు. ఈ వీధిలో క్విన్స్ చెట్టు హేగెలె గారి పెరట్లో ఒక్కటే ఉంది. ఏటా ఆవిడ ఆ పండ్ల జామ్ ఇల్లిల్లూ పంచుతారు. తీపి కాస్త ఎక్కువైందని ఆరేళ్ళ కిందట ఒక్క మాట అన్న పాపానికి ఫ్లైడరర్ గారికి మాత్రం ఆ సీసా రావడం మానేసింది. ఇప్పుడు బోర్డుతో పాటు అదే పండు ముద్ద. ఆరేళ్ళ అలక తీరిందనీ, ఒకసారి శుభ్రంగా ఊడ్చి చూపించమంటున్నారనీ ఆ పెద్దాయనకి అర్థమైంది. భార్య పోయి తొమ్మిదేళ్ళైన మనిషి. టై వెతుక్కోవడానికే పావుగంట పట్టింది.

ఆయన వాకిట్లో చీపురు పట్టడం రోష్ గారమ్మ కిటికీలోంచి చూసింది. కిందటి వారం ఆవిడది. తను కడిగిన చోట ఆయన మళ్ళీ ఊడవడం తనని నలుగురిలో నిలబెట్టి కడగడమేనని బకెట్ అందుకుంది. రెండిళ్ళవాళ్ళు ఒకేసారి ఊడవడం చూసి, మునిసిపాలిటీవాళ్ళు తనిఖీకి వస్తున్నారని ఎదురింటావిడ తేల్చేసింది. ఆ మాట వీధి చివరికి చేరేసరికి తనిఖీవాళ్ళ చేతికి కెమెరాలు కూడా వచ్చాయి.

బెనెదీత తిన్నగా ఫ్లైడరర్ గారి దగ్గరికి వెళ్ళింది.

"ఫ్లైడరర్ గారూ, ఆ బోర్డు నాదండీ. ఇటివ్వండి."

"నీదెలా అవుతుందమ్మాయ్, నా తలుపుకి ఉంటే? ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో నాకు తెలుసులే." ఆయన కింది వాటాలో హేగెలె గారి కిటికీ వైపు ఓరగా చూసి టై సర్దుకున్నారు.

"పెట్టింది నేనేనండీ" అని ఆమె చెప్పబోయేంతలో రోష్ గారమ్మ తడిచేతులతో ఆమె మోచెయ్యి పట్టుకుంది. "మా వారం అయి ఏడు రోజులు కాలేదు. మెట్ల మీద ఆయనగారికి ఏం దుమ్ము కనపడిందో నువ్వే అడుగు తల్లీ. నేనైతే ఆయనతో మాట్లాడను."

అప్పుడే కింది వాటా తలుపు తెరుచుకుంది. బూడిదరంగు స్వెట్టరు వేసుకుని హేగెలె గారు గుమ్మంలోకి వచ్చి, వీధిని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూశారు. చీపుర్లన్నీ ఆగిపోయాయి. ఏమిటిది అని ఆవిడ అడగలేదు, కానీ జవాబు చెప్పకుండా ఎవరూ కదలడానికి లేదు.

బెనెదీత చెప్పేసింది. తడి కోటు, రైలు, అల్బెర్తీనా అత్త, హల్వా, ఏదీ దాచలేదు. వచ్చీరాని జర్మన్‌లో చెబుతుంటే మడత మంచం కళ్ళముందే కనపడుతోంది. అయినా ఆగకుండా చివరిదాకా చెప్పింది.

"అయితే ఆ హల్వా..." అన్నారు ఫ్లైడరర్ గారు.

"మా అమ్మమ్మ చేసిందండీ."

ఆయన నెమ్మదిగా కోటు జేబులోంచి బోర్డు తీసి ఆమె చేతికిచ్చి, టై ముడి వదులు చేసుకున్నారు. గది పోవడం కన్నా ఆ ముడి వదులవడం చూస్తేనే బెనెదీతకి ఎక్కువ బాధేసింది.

"వారం ఎవరిది?" అన్నారు హేగెలె గారు.

"నాదండీ."

"ఊడువు మరి."

"అంతా ఊడ్చేశారు కదండీ."

"వాళ్ళు ఊడిస్తే వాళ్ళకయింది. నీదెక్కడయింది?"

బెనెదీత అటక నుంచి మొదలుపెట్టింది. అప్పటికే ఊడ్చి ఉన్న మెట్లని మెట్టు మెట్టుగా ఊడ్చింది. సబ్బు వాసన కొడుతున్న వాకిలి ఊడ్చింది. నాచు గీకేసిన కాలిబాట మీద లేని చెత్తని చేటలోకి ఎత్తింది. వీధి వీధంతా చీపుర్లకి ఆనుకుని చూస్తోంది. నడుమ ఒక చెస్ట్‌నట్ ఆకు చెట్టు మీంచి ఊగుతూ దిగుతుంటే అందరూ ఊపిరి బిగబట్టారు. అది నేల తాకగానే బెనెదీత తీసి చేటలో వేసింది. ఆమె పనికి అదొక్కటే సాక్ష్యం.

పనయ్యాక హేగెలె గారు వంగి, ఉత్తరాల పెట్టె వెనక మూలలో వేలు పెట్టి గీసి చూసుకున్నారు. వేలికి ఏమీ అంటలేదు.

"ఈ మూల నువ్వే ఊడ్చావా?"

అవునంటే గది దక్కేలా ఉంది. బెనెదీత తల అడ్డంగా ఊపింది. "నేనొచ్చేసరికే శుభ్రంగా ఉందండీ. ఫ్లైడరర్ గారు ఊడ్చినట్టున్నారు."

హేగెలె గారు ఆయన వైపు తిరిగారు. "ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాను ఈ మూల సంగతి."

"ఇవాళ కనిపించిందండీ" అన్నారాయన నేల చూపులు చూస్తూ.

ఆవిడ ఆ టైని కాసేపు చూశారు. "రేపు నాలుగింటికి ఆ హల్వా పట్టుకుని కాఫీకి రండి. తీపి ఎక్కువైందని మాత్రం అనకండి." ఆ తరవాత బెనెదీత వైపు తిరిగారు. "నువ్వు రానక్కర్లేదు."

బెనెదీత సామాను ఎప్పటికి తియ్యాలని అడిగింది.

"ఆ కోటు కింద బోర్డుందని సోమవారం బట్టలారేసుకోడానికి పైకొచ్చినప్పుడే చూశాను. రేపు నిన్ను పొమ్మనే అందామనుకున్నాను" అన్నారు హేగెలె గారు. "నీకు ముందున్న పిల్లలందరూ వాళ్ళ వంతు ఎగ్గొట్టినవాళ్ళే. వీధంతటి చేతా ఊడిపించినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎండాకాలం దాకా ఉండు. కోటుకి నేనో మేకు కొట్టిస్తాను."

బెనెదీత గబుక్కున ఆవిణ్ణి కావలించుకుంది. ఆ ప్రాంతంలో అది చెయ్యరు. ఆవిడ కాసేపు కర్రలా నిలబడి, తరవాత ఆమె వీపు మీద రెండుసార్లు తట్టారు. ఎదురింటావిడ మాత్రం, ఎందుకైనా మంచిదని, తన వాకిలి ఇంకోసారి ఊడ్చుకుంది.

రెండో రైలు ఎప్పుడో వెళ్ళిపోయింది. సాయంత్రం బెనెదీత బోర్డుని పద్ధతిగా కింది వాటా తలుపుకి తగిలించి, అది తిన్నగా వేలాడుతోందో లేదో రెండడుగులు వెనక్కి జరిగి చూసుకుంది. గదికి వచ్చేసరికి స్ట్రాస్‌బర్గ్ నుంచి బొగ్నా పంపిన ఫొటో ఫోన్లో ఉంది. ఎర్ర రాతి చర్చి, దాని ముందు రెండు చేతులూ చాపి బొగ్నా, ఆమె కాళ్ళ చుట్టూ చీలమండలదాకా ఎండుటాకులు. బెనెదీత దాన్ని పెద్దది చేసి చాలాసేపు చూసి, అక్కడ ఈ వారం ఎవరిదో కనుక్కోమని జవాబు రాసింది.