గ్యాస్‌బండ పక్క గోడ

ఇల్లు మారడానికి మంచిరోజు చూసుకుని సామాను సర్దుతుండగా, మంగతాయారు కుడిచెయ్యి వంటింటి గోడకు అతుక్కుపోయి ఉందన్న సంగతి బయటపడింది. గ్యాస్‌బండకు కాస్త పైన, కుక్కర్ ఆవిరికి పెచ్చులు లేచిన చోట, అరచెయ్యి మణికట్టుదాకా గోడలో కలిసిపోయింది. ఎప్పటినుంచి అలా ఉందో ఇంట్లో ఎవరికీ తెలీదు. తెలియాల్సిన అవసరం పడలేదు. పొయ్యి, పోపులపెట్టె, నీళ్ళబిందె అన్నీ ఎడమచేతికి అందేటట్టే ఉన్నాయి. అందరూ పడుకున్నాకే ఆవిడ పడుకుంటుంది, అందరికంటే ముందే లేస్తుంది. కాబట్టి ఆవిడను వంటింట్లో తప్ప ఇంకోచోట చూసిన గుర్తు ఎవరికీ లేదు.

అతుక్కోవడం ఆ ఊళ్ళో వింతేమీ కాదు. పాత అద్దె ఇళ్ళలో ప్రతి వేసవికీ ఎవరో ఒకరు అతుక్కుంటూనే ఉంటారు. ఎదురింటి ముసలాయన అరుగుకు అతుక్కుపోతే, మనవరాలి పెళ్ళికి అరుగు ముక్కతో సహా తీసుకెళ్ళి ముందు వరసలో దించారు. మంగతాయారు మాత్రం ఇలా జరుగుతుందని ముందునుంచీ భయపడుతూనే ఉంది. రెగ్యులేటర్ కట్టేశానా లేదా అని వంగి చూసినప్పుడల్లా ఆ గోడకే చెయ్యి ఆనించేది. కట్టేసే ఉందని చూసుకుని, నాలుగడుగులు వేశాక అనుమానం వచ్చి మళ్ళీ ఆనించేది. ఎంత గోడైనా ఎన్నిసార్లని ఊరుకుంటుంది?

"ముందే చెప్పొచ్చు కదే!" అన్నాడు ఆవిడ భర్త వీర్రాజు. ఆయన బెల్లం మార్కెట్లో గుమాస్తా.

"మీరు కంగారు పడతారని చెప్పలేదు."

"కంగారు నీ డిపార్ట్‌మెంటు కదా, మాకెక్కడిది?"

ఆషాఢం దగ్గరకొచ్చేసింది. ఆషాఢంలో ఇల్లు మారకూడదు. ఈలోగా చెయ్యి ఊడకపోతే భర్తా కూతురూ సామానుతో వెళ్ళిపోతారు, తను ఇక్కడే ఉండిపోతుంది. మంగతాయారు బుర్ర అక్కడితో ఆగలేదు. కొత్తగా దిగేవాళ్ళకు తను ఉప్మా కలుపుతూ ఉంటుంది. కూతురు సునంద ఎప్పుడో ఈ వీధిలోంచి పోతూ, ఈ ఇల్లు ఎక్కడో చూసినట్టుందే అనుకుంటుంది. అంతదాకా వెళ్ళి, అక్కడ కళ్ళు తుడుచుకుని, పప్పులో ఉప్పు వేసింది.

మున్సిపాలిటీ రూలు తేటగానే ఉంది. గోడకు మేకు కొట్టి తగిలించింది అద్దెకున్నవాళ్ళ సొత్తు. గోడలో కలిసిపోయింది ఇంటివాళ్ళ సొత్తు. ఫ్యానూ ట్యూబులైటూ వెళ్ళొచ్చు. అలమారా వెళ్ళకూడదు. మంగతాయారు ఎందులోకి వస్తుందో అతుకుల విభాగం ఇన్‌స్పెక్టరు వచ్చి తేల్చాలి.

ఇంటావిడ చిట్టెమ్మగారు మేడమీదనుంచి కాఫీ పట్టుకుని దిగింది.

"ఉండిపో తాయారూ. నిన్ను చూసుకోనా? కొత్తగా వచ్చేవాళ్ళు చాలా మంచోళ్ళు. ఉల్లిపాయ తినరు, అంతే."

అప్పటికే ఆవిడ గేటుకు బోర్డు కట్టించింది: 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును. వంటింట్లో మనిషి ఉంది.' ఆ సంగతి విని మంగతాయారు గుండె ఆర్ద్రమైంది. ఇన్నేళ్ళ కాపురంలో తను ఉందని రాసి పెట్టినవాళ్ళు ఎవరూ లేరు. దానికి తోడు చిక్కటి కాఫీ ఒకటి. వద్దని ఎలా అనడం?

సర్దడం సాగుతూనే ఉంది. అన్ని గదుల్లోంచీ ఆవిడకే కేకలు. కత్తెరెక్కడ? పాత చీరలెక్కడ? దేవుడి పటాల సంచేదీ? అన్నింటికీ గోడ దగ్గరనుంచే జవాబు చెప్పింది. గాజుగ్లాసులకు కాగితాలు చుట్టించింది. ఆవకాయ జాడీని పడుకోబెట్టొద్దని బతిమాలింది. కొత్త ఇంట్లోకి ముందు ఉప్పూ పసుపూ వెళ్ళాలని గుర్తుచేసింది.

"చీపురు మాత్రం తీసుకెళ్ళకండి. పాత చీపురు పాత ఇంట్లోనే వదిలెయ్యాలి."

అనేశాక పక్కకు చూసింది. చీపురు తనకు ఆనుకునే నిలబడి ఉంది.

కొత్త ఇంటిని ఆవిడ చూడలేదు. రైల్వేగేటు అవతల. సునంద ఫోన్లో చూపించింది. వంటింటికి కిటికీ ఉంది.

"ఎంత గాలొస్తాదో తెలుసా అమ్మా!"

"దొంగ చెయ్యి పెట్టడూ?" అంది మంగతాయారు.

ఇన్‌స్పెక్టరు భానోజీరావు మర్నాడు వచ్చాడు. మేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు. సంచిలోంచి స్పూను తీసి ముందు గోడమీద కొట్టాడు, తర్వాత ఆవిడ మోచేతిమీద కొట్టాడు. రెండుచోట్లా చెవి పెట్టాడు.

"శబ్దం ఒక్కలాగే ఉందండి," అన్నాడు విచారంగా. చిట్టెమ్మగారు కొంగు సర్దుకుంది.

"అయితే వదిలేసి పోవడమేనాండీ?" అన్నాడు వీర్రాజు.

"తొందరపడకండి. ఇది గోడ కాదు, మనిషే అనడానికి, వంటింటితో సంబంధం లేని సంగతి ఒక్కటి మీరు చెప్తే చాలు. రూలుంది."

వీర్రాజు తేలిగ్గా నవ్వాడు. తర్వాత ఆలోచించాడు.

"చారు బ్రహ్మాండంగా పెడతాదండి."

"వంటిల్లు."

"రోజూ నాకు కేరేజీ కడతాది."

"అదీ వంటిల్లే."

"బీపీ బిళ్ళ ఏసుకుంటాది!"

"అది మెయింటెనెన్సండి. నీళ్ళట్యాంకులో బ్లీచింగు వెయ్యరూ? పోనీ, ఆవిడకి ఏ రంగంటే ఇష్టమో చెప్పండి."

వీర్రాజు భార్యను ఎగాదిగా చూశాడు. "ఇదేనండి, ఈ చీర రంగే," అన్నాడు. ఇన్‌స్పెక్టరు చీరను చూశాడు, గోడను చూశాడు. రెండూ పొగచూరిన తెలుపే.

"ఆవిణ్ణే అడగొచ్చు కదండీ?" అన్నాడు వీర్రాజు నుదురు తుడుచుకుంటూ.

"తగువులో ఉన్న వస్తువు సాక్ష్యం చెల్లదండి."

మంగతాయారు భర్త పడుతున్న అవస్థ చూసి, మధ్యాహ్నం మజ్జిగైనా తాగారో లేదోనని బెంగపడింది.

అప్పటిదాకా గుమ్మంలో గోళ్ళు కొరుకుతున్న సునంద ఒక్కసారి లేచింది.

"మా అమ్మకి భయమండీ!"

"దేనికి?"

"అన్నిటికీ! నా కాలేజీ బస్సు లేటైతే బోల్తా పడిందంటాది. నేను ఫోనెత్తకపోతే ఆస్పత్రులన్నీ కళ్ళముందు తిరుగుతాయంట. ఉరిమితే టీవీ వైరు పీకించేస్తాది. నాన్న దగ్గితే ఆ రోజు తిండి మానేస్తాది. ఇప్పుడూ భయపడతంది, చూడండి ఆ మొహం! తను లేకపోతే కొత్తింట్లో పాలు నేను పొంగించాలి కదా, నా చున్నీకి మంటంటుకుంటాదని!"

మంగతాయారు నిర్ఘాంతపోయింది. సరిగ్గా చున్నీ గురించే అనుకుంటోంది. ఈ పిల్ల రోజూ వెక్కిరిస్తూనే అన్నీ గుర్తుపెట్టుకుందన్నమాట.

ఇన్‌స్పెక్టరు ఒక చెయ్యి గోడమీద, ఒక చెయ్యి ఆవిడ నాడిమీద వేసి కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపటికి తెరిచాడు.

"గోడ బీటలిస్తాది గానీ భయపడదు. మనిషే," అని తేల్చాడు. "వాడినదే, కానీ మనిషే. మేస్త్రీ, కొట్టవయ్యా."

మంగతాయారుకు కన్నీళ్ళు ఆగలేదు. జీవితమంతా ఎవరూ ఓర్చుకోని తన భయమే ఇవాళ తనను దక్కించింది. దానికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది. మేస్త్రీ పళ్ళెమంత గోడముక్కతో సహా చేతిని తొలిచి తీశాడు. చిట్టెమ్మగారు బోర్డు విప్పించి, పోనీలే అని బొట్టుపెట్టి పంపింది. గోడముక్కకు పాత చీర చుట్టి, పగిలే సామానుతోపాటు లారీ ఎక్కించారు.

ముందు సీట్లో తండ్రీకూతుళ్ళిద్దరే పట్టారు. ఆవిడ వెనక ఆవకాయ జాడీ పక్కన కూచుంది. ఊరు ఎంత మారిపోయిందో చూసింది. ఎండ తగలకుండా పైన పరదా కట్టించారు. ఎంత మంచివాళ్ళో అనుకుంది.

రైల్వేగేటు దగ్గర లారీ ఎగిరిపడింది. చీర మూటలో ఏదో పుటుక్కుమంది. విప్పి చూస్తే గోడముక్క రెండుగా విడిపోయి ఉంది, చెయ్యి విడిగా ఉంది. నీళ్ళలో నానినట్టు తెల్లగా, ముడతలు పడి ఉంది. వేళ్ళు కదిపింది. కదిలాయి. ఒక్క క్షణం ఆ చెయ్యి లారీ బయటికి చాచి గాలిని పట్టుకుంది.

వెంటనే లోపలికి లాక్కుంది. ఎక్కడా అతుక్కోని మనిషిని ఎవరు ఎక్కించుకుంటారు? ఎక్కడ దింపుతారు? ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, గబగబా మూట మళ్ళీ కట్టేసింది.

కొత్త ఇంట్లో పాలు తూర్పువైపు పొంగాయి. వీర్రాజు చాలా సంతోషంగా ఉన్నాడు.

"ఈసారి నీ ఇష్టం తాయారూ. ఏ గోడ కావాలో నువ్వే ఎంచుకో. కిటికీ పక్కన తీసుకో, గాలొస్తాది."

పెళ్ళయ్యాక తనకేం కావాలని ఆయన అడగడం ఇదే మొదలు. వాళ్ళు మంచాలు బిగించడానికి వెళ్ళాక మంగతాయారు మూట విప్పింది. కిటికీలోంచి రోడ్డు కనిపిస్తోంది. మనుషులు ఎటెటో పోతున్నారు. రెండు చేతులూ వేలాడేసుకుని కాసేపు చూసింది. అంతలో గ్యాస్ కట్టేశానా అనిపించింది. వంగింది. కుడిచెయ్యి దానంతటదే వెళ్ళి కొత్త గోడమీద ఆనింది. ఈసారి తియ్యలేదు. బలంగా నొక్కి ఉంచింది.

"అతికిందా?" అవతల గదిలోంచి అడిగాడు వీర్రాజు.

"అతుకుతోందండీ."

"హమ్మయ్య!"

సునంద లోపలికొచ్చింది. తల్లిని చూసింది, గ్యాస్‌బండ వైపు చూసింది.

"రెగ్యులేటర్ కట్టేసేవా? ఉండు, నేను చూస్తాను," అంటూ తల్లి చెయ్యి పక్కనే గోడకు చెయ్యి ఆనించి వంగింది. కట్టేసే ఉంది. లేచి నాలుగడుగులు వేసింది. ఆగి, వెనక్కొచ్చి, మళ్ళీ ఆనించింది.

ఆ చెయ్యి తీసినప్పుడు వేళ్ళకు కొంచెం సున్నం ఊడి వచ్చింది. మొదట్లో తనకూ అంతే వచ్చేది. పిల్లకు జాగ్రత్త తెలుస్తోందని, ఇక తను లేకపోయినా ఈ ఇంటికి దిగుల్లేదని మంగతాయారు దేవుడికి దణ్ణం పెట్టుకుంది, ఎడమచేత్తో.