పన్నెండో మంచం ముక్కు

మాఘమాసపు ఆ ఉదయం పరమేశ్వర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అక్క అంజవ్వ బావ లింబయ్యను ఆస్పత్రి ముందరి ఎండలో అరగంట కూర్చోబెట్టి తీసుకువస్తుంది. అంతవరకు వార్డులో పన్నెండో నంబరు మంచం మీద తను పడుకుంటాడు. బోధన్ దగ్గరి ఊళ్ళో చెరకు నరికే పని సగంలో వదిలి, జ్వరంతో, దగ్గుతో ఆయాసపడుతున్న బావను వాళ్ళు నిజామాబాదుకు తెచ్చి మూడు రోజులైంది. మొదటి రోజు వరండాలో చాప మీదే గడిచింది. రెండో రోజు మంచం దొరికింది.

ఆ వార్డులో మంచం దొరకడం ఒక ఎత్తు, నిలుపుకోవడం ఇంకో ఎత్తు. బస్సు సీటు మీద తువ్వాల వేసినట్టు, రోగి లేచిన మంచం మీద బంధువు ఒరగాలి. లేకపోతే చాప మీద ఉన్న మరొకరు వచ్చి పడుకుంటారు. ఎక్కడా రాసి లేకపోయినా అందరూ పాటించే ధర్మమది.

"ఎవ్వలొచ్చి అడిగినా లింబయ్య అనే చెప్పు," అంది అంజవ్వ. "మంచం పోయిందనుకో, మళ్ల చాపే. చాప మీద బావకు ఊపిరాడది. యాదుంచుకో తమ్మీ."

"నా పానం పోయినా మంచం పోనియ్య, అక్కా."

ఆ మాట అన్నప్పుడే అతనికి ఒళ్ళు నొప్పిగా ఉంది. చెరకు గడలు మోసిన అలసట అనుకుని దుప్పటి తలమీదికి లాక్కున్నాడు.

పది నిమిషాలైనా కాలేదు, ల్యాబ్ టెక్నీషియన్ నవత వచ్చింది. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఒక్క నమూనా తారుమారు చేయని మనిషి. "నువ్వు లింబయ్యవేనా" అని ఆమె ఎన్నడూ అడగదు. అలా అడిగితే ఎవరైనా తల ఊపేస్తారని ఆమెకు తెలుసు. పేరు రోగి నోటితోనే చెప్పించుకుంటుంది.

"పేరేంది?"

"లింబయ్య," అంది దుప్పటి.

"వయసు?"

"అరవై నాలుగు."

ఊరి పేరు మాత్రం అతను నిజమే చెప్పాడు. ఇద్దరిదీ ఒకటే ఊరు. నవత ముసుగు తీయమంది. నలభై తొమ్మిదేళ్ళ పరమేశ్వర్‌ను చేల ఎండ పదిహేనేళ్ళు ముందుకు తోసింది కనుక ఆమెకు అనుమానం రాలేదు.

"తల ఎనుకకు వాల్చు. ఫ్లూ ఉన్నదో లేదో చూడాలె. జర ఓర్చుకో."

మంచానికి కాపలా ఉండటంలో ఇంత కష్టముంటుందని అతను ఊహించలేదు. పొడవాటి పుల్ల ముక్కులో దూరి, మెదడును పలకరించి వచ్చినట్టనిపించింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"అయిపాయెనా అమ్మా?"

"ఒక దిక్కయింది. ఇంకో దిక్కున్నది."

అంజవ్వ తిరిగి రాగానే అతను సంగతంతా చెప్పాడు. "బావకు తప్పింది గదా, మంచిదే," అందామె.

మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది: పన్నెండో మంచం లింబయ్యకు ఫ్లూ ఉంది. డాక్టర్ హర్షిణి దాన్ని ముందే తీసిన లింబయ్య ఎక్స్‌రే పక్కన పెట్టి చాలాసేపు చూసింది. ఊపిరితిత్తిలో ఒక్క మూలనే తెల్లని మచ్చ. ఫ్లూ తీరులా లేదు. మళ్ళీ నమూనా తీయమంది. ఈసారి మంచం మీద ఉన్నది అసలు లింబయ్య. నవత ఆ పొద్దున పదిహేడు ముక్కులు చూసింది. అవి ఏ ముఖాల మీద ఉన్నాయో ఆమెకు జ్ఞాపకం లేదు. మరో రెండు గంటల్లో రెండో రిపోర్టు వచ్చింది: ఫ్లూ లేదు.

ఒకే మంచం, ఒకే పేరు, రెండు ఫలితాలు. అయితే మిషన్ తప్పు, లేదా నవత చెయ్యి తప్పు. మిషన్ ఆపారు. పొద్దుటి పదిహేడు రిపోర్టులూ చెల్లవన్నారు. ఇంటికి పోవడానికి మూటలు కట్టుకున్నవారు మూటలు విప్పారు. నవత మళ్ళీ పుల్లలు పట్టుకుని వార్డులోకి వచ్చేసరికి, తొమ్మిదో మంచం వెంకటవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"నేను పెట్టనియ్య. పొద్దుగాల పెట్టిందే ఇంకా లోపలున్నట్టున్నది."

"మిషన్ మీద అనుమానమొచ్చింది అవ్వా."

"అయితె మిషన్ ముక్కుల పెట్టు."

వార్డు నవ్వింది. నవత నవ్వలేదు. ప్రతి సీసా మీది పేరునూ ఆమె రెండేసి సార్లు చదువుకోవడం పరమేశ్వర్ చూశాడు.

"అక్కా, చెప్పేద్దమా?"

"చెప్తె అబద్ధమాడినమని మంచం గుంజుకుంటరు. ఊకో."

అతను మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. తల పగిలిపోతోంది, అది పాపభీతి అనుకున్నాడు.

సాయంత్రం డాక్టరు ఒక నిర్ణయానికి వచ్చింది. నిజం తేలేదాకా లింబయ్యను ఫ్లూ రోగుల గదిలో ఉంచాలి. "ఫ్లూ ఉండి ఇక్కడుంటే వార్డంతా అంటుకుంటది," అని ఆమె నవతతో మెల్లగా అంది. "లేకుండ అక్కడికి పోతె ఆయనకే అంటుకుంటది. ఆ ఊపిరితిత్తులు ఇంకోటి తట్టుకోలేవు. కానీ ఏం చేస్తం?"

ఆ మాటలు పరమేశ్వర్ చెవిన పడ్డాయి. మంచం కోసం ఆడిన అబద్ధం మంచం మీది మనిషిని మింగడానికి వస్తోంది. లింబయ్యను స్ట్రెచర్ మీదికి ఎక్కించారు. పరమేశ్వర్ దాని కమ్మీ పట్టుకున్నాడు.

"ఆగుండ్రి అమ్మా! గా ముక్కు నాది."

"ఏ ముక్కు?" అంది నవత.

"పొద్దుగాల మీరు పుల్ల పెట్టిన ముక్కు. బావ ఎండకు పోయిండు. మంచం పోతదని నేను పండుకున్న."

అంజవ్వ నుదురు కొట్టుకుంది. నవత మొదటిసారి అతని ముఖం నిదానంగా చూసింది. ఎర్రబడ్డ కళ్ళు, ఎండిన పెదవులు. రెండడుగులు వెనక్కి వేసింది.

"జ్వరమెప్పటి సంది?"

"నిన్నటి సంది. గడలు మోసిన నొప్పులనుకున్న."

మూడో నమూనా అతని సొంత పేరుతో తీసి, ఆపిన మిషన్‌ను మళ్ళీ నడిపారు. ఫ్లూ ఉంది. మిషన్ నిర్దోషి, నవత చెయ్యీ నిర్దోషి. లింబయ్యకు ఫ్లూ అంటించగల మనిషి ఆ వార్డులో ఎవరైనా ఉంటే, అది అతని దిండు మీద అరగంట ప్రేమగా ఊపిరి వదిలిన బామ్మర్దే. దుప్పటి, దిండు మార్చి, లింబయ్యకు ముందుజాగ్రత్త మాత్రలు వేసి, మళ్ళీ పన్నెండో మంచం మీదే పడుకోబెట్టారు. ఎవరూ గుంజుకోలేదు. స్ట్రెచర్ మీద పరమేశ్వర్ వెళ్ళాడు.

ఫ్లూ గది గుమ్మం అవతలి నుంచి అంజవ్వ అడిగింది: "తమ్మీ, నీ మంచం కాడ ఎవ్వల్ని ఉండమనాలె?"

"ఎవ్వలొద్దక్కా. ఈ అర్రల మంచం పిలిచి ఇచ్చినా ఎవ్వలు రారు."

ఐదో నాటికి లింబయ్య జ్వరం దిగింది. ఫ్లూ అతని జోలికి రాలేదు. ఆ రోజే నవత మాస్కు కట్టుకుని, నమూనా తారుమారైతే నింపే ఫారం పట్టుకుని పరమేశ్వర్ దగ్గరికి వచ్చింది. అతను చెరకు కోత నుంచి మొదలుపెట్టి, చాప, మంచం, ఎండ, అక్కకిచ్చిన మాట, అన్నీ వరసగా చెప్పాడు.

ఫారంలో "కారణం" అన్నచోట రాయడానికి ఒక్క గీతే ఉంది. నవత ఇంకో నాలుగు కాగితాలు తెప్పించుకుంది.