వన్నూరమ్మ వీపు నంబరు

వన్నూరమ్మ వీపు మీది నంబరు అరిగిపోయినందువల్ల ఆమె కాపురం రేపటితో రద్దు కావలసి ఉంది.

ఆ దేశంలో ప్రతి మనిషీ వెన్నెముక మీద నంబరుతో, మెడ వెనక సొంత రాష్ట్రం అక్షరాలున్న ప్లేటుతో పుడతాడు. పరాయి ప్లేటు మనిషి ఏడాదికి మించి ఉంటే బందెలదొడ్డిలో పెడతారు. వన్నూరమ్మది ఏపీ ప్లేటు. మొగుడు ఎర్రిస్వామిది కేఏ. ఆమె అతని ఊరికి కాపురానికొచ్చి రేపటికి ఏడాది. అందుకే అక్షరాలు మార్పించడానికి ఇద్దరూ రవాణా ఆఫీసుకు వచ్చారు.

గుమాస్తా సరోజాబాయి ఆమె వీపు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దింది. చిన్నప్పటి నుంచి మిరపకాయ బస్తాలు మోసిన వీపు. మూడుసార్లు రుద్దినా కాగితం నల్లబడిందే గానీ అంకె పడలేదు.

“రాల్యా పాపా. నంబరు లేకుంటే నువ్వు లేనట్టే.”

“అదెట్ల మేడం? మీరు రుద్దుతాంటే చక్కిలిగిలి అయితాంది నాకు!”

“చక్కిలిగిలికి ఫారంలో గడి లేదు.”

ఎర్రిస్వామి చొక్కా విప్పాడు. “నా వీపు రుద్దండి మేడం. మేమిద్దరం ఒకటే కదా.”

అచ్చు స్పష్టంగా ఉండాలని నిబంధనలో ఉంది, ఎవరిదో లేదు. అతని వీపు అచ్చు మీదే వన్నూరమ్మకు కేఏ ప్లేటు బిగించారు. ఇద్దరూ సంతోషంగా గేటు దాకా నడిచారు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఒకే నంబరు మీద ఇద్దరున్నారని కాపలావాడు ఆపాడు. కొత్త కాగితం ఎవరిదైతే వాళ్లే అసలు మనిషి. తాతల నాటి నుంచీ ఆ ఊరివాడైన ఎర్రిస్వామిని దొడ్డిలోకి తోలారు.

“అన్నా, ఇప్పుడు మాలో పరాయోళ్లు ఎవరు?” అంది వన్నూరమ్మ ఏడుస్తూ.

కాపలావాడు పక్కనున్న దొడ్డి గోడ మీది బోర్డు చూపించాడు: ‘పరాయి ప్లేటు చేతి కూడు తినరాదు.’

మర్నాటికి ఏడాది నిండింది. ఊళ్లో ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. రోజూ మధ్యాహ్నం రాగిసంగటి మూటకట్టి దొడ్డికి తీసుకెళ్లేది. మొదటి వారం ఆ బోర్డు చూసి మొగుడూ పెళ్లామూ నవ్వుకున్నారు. రెండో వారం ఎర్రిస్వామి నవ్వలేదు. దొడ్డిలో అందరూ ఒకరి మెడ ఒకరు చూసుకుని గానీ పక్కన కూర్చోరు.

మూడో వారం ఆమె కంచె సందులోంచి ముద్ద అందించింది. అతను చెయ్యి చాపలేదు.

“యా రాష్ట్రం నీది?” అన్నాడు.

వన్నూరమ్మ జుట్టు పక్కకు తీసి, మెడ తిప్పి చూపించింది.

అతను రెండుసార్లు చదువుకుని, ముద్ద తీసుకున్నాడు.