మూడు ఊళ్లకు ఒక ఊపిరి

"ఇయ్యాల్టి సంది ఈ మూడు ఊళ్లల్ల ఆయాసం అన్న మాటే ఇనవడదు!" అని మిర్యాలగూడ సభలో మంత్రిగారు ప్రకటించారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాలనుకున్నవాడు మంగయ్య. ముప్పై ఏళ్లు రైస్ మిల్లులో బస్తాలు మోసి, ఊక దుమ్ము మింగిన మనిషి. రెండు చప్పట్లకే రొప్పు వచ్చింది.

పథకం పేరు 'ఊపిరి మీది, పూచీ మాది'. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటల్లో రోగులు నాలుగు వందలమంది. వచ్చిన శ్వాస మిషన్ ఒకటి. ఇంకొకరైతే బెంబేలెత్తిపోయేవారు. పథకం అధికారి భాస్కర్ గారు అలాంటివారు కాదు.

"మిషన్లు తక్కువ లేవయ్యా, రోగులే ఎక్కువున్నరు. ఒక మిషన్, ఒక రోగి. సరిపాయె!"

ఆ ఒక్క రోగి మంగయ్య.

మిషన్‌కు పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. మంత్రిగారు రిబ్బన్ కత్తిరించగానే మంగయ్య ముఖానికి మాస్క్ ఎక్కింది. ఆరేళ్ల తర్వాత గాలి లోపలిదాకా పోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మాస్క్ తీసి నవ్వు పెద్దాయనా, ఫొటోల మొకం వడ్తలేదు," అన్నాడు ఫొటోగ్రాఫర్.

ఫొటో అయింది. మిషన్ వ్యాన్ ఎక్కింది.

"గదేంది సార్, ఇంటికియ్యరా?" అంది మంగయ్య భార్య జానమ్మ.

"రేపు కోదాడల ఓపెనింగ్ ఉందమ్మా. మీ ఆయన్ను గూడ తోల్కరా. మిషన్‌కు అలవాటైండు," అన్నారు భాస్కర్ గారు.

కోదాడలో మంగయ్య మళ్లీ బతికాడు, పదకొండు నిమిషాలు. సూర్యాపేటలో మంత్రిగారి ఉపన్యాసం సాగింది గనక నలభై నిమిషాలు. ఒక నాయకుడి ఉపన్యాసం అయిపోకూడదని మంగయ్య ఎల్లమ్మతల్లికి మొక్కుకోవడం అదే మొదటిసారి.

వారానికి భాస్కర్ గారి నివేదిక హైదరాబాద్ చేరింది: 'మూడు ఓపెనింగులు, ముగ్గురు రోగులకు నయం. మిగతావారి దరఖాస్తుల కోసం ఆఫీసు మూడో అంతస్తులో కౌంటర్ పెట్టాం. లిఫ్టు లేదు. ఒక్కరూ ఎక్కి రాలేదు. కాబట్టి ఇక్కడ రోగులు మిగల్లేదు.'

జవాబు వెంటనే వచ్చింది: 'శభాష్. మిషన్‌ను రోగులున్న చోటికి పంపండి.'

మిర్యాలగూడ ఆఫీసు ముందు మిషన్‌ను వ్యాన్‌లోకి ఎక్కిస్తుంటే, అలవాటు కొద్దీ మంగయ్య కూడా ఎక్కి పక్కన కూర్చున్నాడు. డ్రైవర్ దేవ్‌సింగ్ వెనక్కి తిరిగాడు.

"దిగు తాతా. నీకు మూడుసార్లు నయమైంది గదా!"

మంగయ్య జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. మాటకంటే ముందు ఊపిరి రావాలి.

దేవ్‌సింగ్, పాపం, చాలాసేపు ఎదురుచూశాడు.