వదిన పేగుల్లో పెద్దమనుషులు

డిప్రెషన్ వస్తే మనిషిని పట్టించుకోనక్కర్లేదు, బ్యాక్టీరియాను పట్టించుకుంటే చాలు! ఇంత గొప్ప వెసులుబాటు ఇచ్చిన సైన్సుకు మా లాండ్రీ తరఫున ఒక దండం.

మా వదిన పొద్దున ఎనిమిదికి ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడితే, చొక్కాలన్నీ హ్యాంగర్లకెక్కాక, ఏ నాలుగింటికో నిలబడే నాలుగు ముద్దలు మింగేది. ఏడాదిగా నవ్వు లేదు, సరిగా నిద్ర లేదు. ఒకరోజు కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించి అలాగే చూస్తూ ఉండిపోయింది. అప్పుడు మాత్రం అందరం కంగారుపడ్డాం. చొక్కా ఖరీదైనది మరి!

అప్పటిదాకా అమ్మ చేసిన వైద్యం ఒకటే. అంతా నీ మనసులోనే ఉంది, నువ్వే తీసెయ్యి అనేది.

ఆ చొక్కా తర్వాత ఆస్పత్రికి తీసుకెళ్తే, డాక్టరమ్మ మాత్రలు రాసింది. పేగుల్లోని బ్యాక్టీరియాకూ, ఒంట్లో తగ్గని వాపుకూ, దిగులుకూ సంబంధం ఉండొచ్చనీ, ఇంకా పరిశోధనలు జరుగుతున్నాయనీ చెప్పింది. వేళకి కూర్చుని తినాలి, కాసేపు నడవాలి, కంటినిండా నిద్రపోవాలి, మనసు విప్పుకోవడానికి ఒక మనిషి ఉండాలి అంది. ఇంటికొచ్చేసరికి మావాళ్ళ చెవుల్లో మిగిలింది బ్యాక్టీరియా ఒక్కటే.

ఇక చూడండి మర్యాదలు! ఒంటిగంట కాగానే అన్నయ్య మెషిన్లు ఆపి కుర్చీ వేస్తాడు. వదినకనుకున్నారా, పాపం?

"అవి ఆకలికి ఆగవమ్మాయ్, లే" అంటుంది అమ్మ.

పెరుగూ పళ్ళూ వాటికే. సాయంత్రం అరగంట నడక వాటి గాలిమార్పుకే. తొమ్మిది దాటాక లైటు వేస్తే వాటికి నిద్రాభంగమట! ఆరేళ్ళుగా కాళ్ళు లాగుతున్నాయని వదిన మొత్తుకున్నా కదలని కుర్చీ, కంటికి కనపడని జీవుల కోసం పరుగెత్తుకొచ్చింది. ఇంత పలుకుబడి మనలో ఎవరికుంది?

పలకరింపులూ పెరిగాయి. కడుపెలా ఉందని అందరం అడుగుతాం. నువ్వెలా ఉన్నావని మాత్రం నేను కూడా అడగలేదు. అడిగితే జవాబు వినాలి కదా!

మూడు నెలలకు వదిన కాస్త తేరుకుంది. మొన్న ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎలా ఉన్నావని అడిగితే, అమ్మే అందుకుంది. అవి కుదురుకున్నాయట, పని పేరుకుపోయిందట, ఇక మధ్యాహ్నం మెషిన్లు ఆపక్కర్లేదు కదా అని అడిగింది.

డాక్టరమ్మ వదిన వైపు తిరిగి, నువ్వు చెప్పమ్మా అంది.

"నాకు బాగానే ఉందండీ. వీళ్ళకి మాత్రం చెప్పకండి" అంది వదిన, అమ్మ పక్కనే కూర్చుని.