సదయ్య గుండె, గడియారం సాక్ష్యం

దేశ భవిష్యత్తు ఇకమీదట మనిషి మణికట్టు మీదే నడుస్తుంది!

గోదావరిఖని బస్టాండు పక్క చాయ్ హోటల్లో ఈ మహావాక్యం పలికినవాడు మా బావమరిది సదయ్య. పలికి, నల్లపట్టీ గడియారమున్న ఎడమచెయ్యి పైకెత్తాడు. అది గడియారం కాదట, ఒంటికి తొడుక్కునే కంప్యూటరట. గుండెచప్పుడు వింటుంది, నడక కొలుస్తుంది, రాత్రి గురకపెడితే పొద్దున పరువు తీస్తుంది.

"ఇది కొనుడు కాదు బావా, దీన్ని చేసే కంపెనీ షేర్లు కొనాలె!"

"నేను రిటైరయ్యేదాంక నెత్తికి లైటు, నడుముకు బ్యాటరీ కట్టుకొని బొగ్గుబాయిల దిగిన. నా షేరు ఎవడన్న కొన్నడారా?"

హోటలంతా నవ్వింది. సదయ్య నవ్వలేదు. షేర్లు కొన్నవాడు నవ్వడు.

"గీ గడియారం అబద్ధమాడది. యాభై దాటినా నాది పోరగాని గుండె అంటున్నది!"

ఆయన మాట మీద కాలనీ కాలనీయే ఆ షేర్లు కొన్నది. దవాఖాన నర్సు సుసన్నా కొన్నది. గుండె డాక్టరుగారు సైతం కొన్నారు. నేనూ కొన్నాను, భూపాల్ ఫోన్లో. భూపాల్ అంటే సదయ్య కొడుకు.

ఇంతలో సదయ్య గుండె పాడైంది!

కంగారు పడకండి. మా బొగ్గుబాయిల దిక్కు తండ్రుల గుండెలు కొడుకుల వయసును బట్టి పాడవుతాయి. తండ్రి పనికిరాడని మెడికల్ బోర్డు 'అన్‌ఫిట్' రాస్తే, ఆ కొలువు కొడుక్కి. సదయ్యకింకా బాయిలో కొలువుంది, భూపాల్‌కి పనీపాటా లేదు. వయసు మీరితే ఆ కొలువూ రాదు.

సదయ్య పెళ్లాం సారవ్వ మొగుడికి దగ్గు నేర్పింది.

"గట్ల దగ్గితే ఎవలు నమ్ముతరు? కడుపులకెల్లి రావాలె!"

బోర్డు రోజున సదయ్య మాకంటే ముందు నడిచాడు. దవాఖాన గేటు కనబడగానే భూపాల్ మీదా నా మీదా వాలిపోయాడు. జబ్బు అబద్ధమే కానీ బరువు మాత్రం నిజం!

"ఆ గడియారం తియ్యిరా," అన్నాను.

"తీస్తే షేరు పడిపోతది బావా!" అని చొక్కా చేతి కింద దాచాడు.

తన ఫోను చేతికిచ్చి భూపాల్‌ని కిందే ఉంచి, నన్ను పట్టుకుని మెట్లెక్కాడు. పైన బోర్డులో మన గుండె డాక్టరే, పక్కన సుసన్నా. సదయ్య మంచమెక్కి, కిటికీ రెక్కలు అదిరేలా దగ్గాడు. డాక్టరుగారు జాలిపడి కలం తీశారు. అంతే! చొక్కా చేతిలోంచి ఆడగొంతు:

"శభాష్ సదయ్య గారూ! మీ గుండె దివ్యంగా ఉంది!"

కలం ఆగింది. డాక్టరుగారి చేతికీ అదే గడియారం.

"ఏమయ్యా, ఇది అబద్ధమాడదని నాతో షేర్లు కొనిపించావు. ఇప్పుడు అబద్ధమాడేది ఇదా, నువ్వా?"

సదయ్య నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. చివరికి కొడుకు కొలువే గెలిచింది.

"గడియారమే సార్! నిన్న మా బర్రెకు కడితే దానికి గూడ శభాష్ అన్నది!"

డాక్టరుగారు మళ్లీ కలం ఎత్తబోయి, చటుక్కున ఫోను తీశారు.

"అబద్ధాల కంపెనీలో నా డబ్బెందుకు? ఇప్పుడే అమ్మేస్తా!"

"ఆగుండ్రి సార్, నేను గూడ!" అంటూ సుసన్నా సూదుల ట్రే పక్కన పెట్టింది.

సదయ్య కళ్లు పెద్దవయ్యాయి. అందరూ అమ్మితే ధర ఏమవుతుందో కాలనీకి నేర్పిందే ఆయన! ఫోనేమో కింద ఉంది.

"నేను ముందుగాల!" అని మంచం మీంచి దూకాడు. చెప్పులు మరిచాడు, దగ్గు మరిచాడు, నన్నూ మరిచాడు. మెట్ల మీంచి ఆడగొంతు దూరమవుతూ వినిపించింది:

"శభాష్ సదయ్య గారూ! ఇవాళ మీది కొత్త రికార్డు!"

డాక్టరుగారు చెవి రిక్కించి విన్నారు. తృప్తిగా తలాడించారు.

"గడియారం నిజమే చెబుతోంది సుసన్నా. షేర్లు అమ్మకు."

'ఫిట్' అని రాసి, ఫోన్లో ఇంకొన్ని షేర్లు కొనుక్కున్నారు.

నేను దిగేసరికి సదయ్య మెట్టు మీద కూర్చుని నిజంగానే రొప్పుతున్నాడు. పక్కన భూపాల్ బిక్కమొహం.

"అన్నీ అమ్మిన బావా, నీయి గూడ! బతికిపోయినం! పైన ఏం రాసిండ్రు?"

"నీ గడియారం ఏం చెప్పిందో, గదే రాసిండ్రు."