నల్ల మూలల ఫారం

గర్ల్స్ హాస్టల్లో ఎవరో పిల్ల చనిపోయిందట, నర్సాపూర్ దిక్కు ఊళ్లకు నల్ల మూలల ఉత్తరాలు పోయాయట. పక్కింటి గోదావరి గోడ మీదుగా చెప్పిన ఈ మాటను ఫేబ చాయ్‌తో పాటే మొగుడు జయానందానికి అందించింది. ఆ హాస్టల్ క్లర్కు అతనే మరి.

“నిన్న పొద్దుమీకి హాజరు నేనే తీసిన. పిల్లలందరున్నరు. గోదావరక్కకు వేరే పని లేదు,” అని కొట్టిపారేశాడు.

ఆ పొద్దు అతని ధ్యాసంతా ఫారాల మీదే. సెలవులకు పిల్లల్ని ఇంటికి పంపే ఫారంలో ఏటా తల్లిదండ్రులు పేరు రాసే చోట ఊరు, ఊరు రాసే చోట సంతకం పెట్టి పంపేవారు. హాస్టల్‌కు కంప్యూటర్ రాగానే, “నింపే జాగలు కండ్లకు కొట్టొచ్చినట్టు చేస్త మేడం, ఒక్కలు తప్పరు,” అని వార్డెన్ రాజమణికి మాటిచ్చాడు. ఫొటో, పేరు, ఊరు, సంతకం: కాగితం నాలుగు మూలల్లో నాలుగు గళ్లు గీసి, బూడిద రంగు నింపాడు. తెర మీద ముచ్చటగా ఉంది. తెల్లారితే తెలంగాణ బంద్ కావడంతో ఉరుకుల మీద జిరాక్సు తీయించి, మడిచి, కవర్లలో పెట్టి పోస్టులో వేశాడు. నాలుగు రోజులైంది. ఇవాళ నింపిన ఫారాలు వస్తాయి, మేడం మెచ్చుకుంటుంది అనుకుంటూ సైకిలెక్కాడు.

హాస్టల్ గేటు ముందు రెండు జీపులు, ఒకటే ఏడుపులు. ముసలి కిష్టవ్వ “నా కావ్యా!” అని రొమ్ము బాదుకుంటుంటే, ఆ కావ్యే ఉప్మా పళ్లెంతో పరుగెత్తుకొచ్చింది. మనవరాలిని తడిమి చూసుకుని కిష్టవ్వ ఇంకా గట్టిగా ఏడ్చింది. రెండో జీపువాళ్ల పిల్ల కూడా నవ్వుతూ ఎదురైంది. వాళ్లు తెచ్చిన పూలదండను ఏం చేయాలో తోచక గేటుకు తగిలించారు.

జయానందం ఒళ్లు మండి, గేటులో నిలబడ్డ రాజమణి వైపు తిరిగాడు. “ఎవడు జేసిండు గీ పని? వాని చేతులిరగ! మేడం, పోలీసోళ్లకు చెప్దాం. ఏదవ్వా, గా ఉత్తరం చూపెట్టు!”

కిష్టవ్వ కొంగుముడి విప్పింది. మూలలు నల్లగా ఉంటే చావు కబురని అక్కడ అందరికీ తెలుసు. అలాంటి దాన్ని కూర్చుని చదివించుకునేదెవరు? జయానందం కాగితం విప్పాడు. నాలుగు మూలలూ మసిబొగ్గులా ఉన్నాయి. నడుమ తను టైపు చేసిన అక్షరాలే.

“ఎవరిదయ్యా అది?” అంది రాజమణి.

“నాదే మేడం,” అన్నాడు తలెత్తకుండా. “తెర మీద మంచిగనే ఉండె. జిరాక్సు మిషన్ నల్లగ జేసింది.”

సందు మలుపులో మూడో జీపు హారన్ వినిపించింది.

కిష్టవ్వ ముక్కు చీదింది. “మిషన్‌కు కండ్లు లెవ్వు బిడ్డా. మడిచి కవర్ల పెట్టినోనికి గూడ లెవ్వా?”